మంటిలో దొరకిన వెండి



ఈ నెల పాఠము పాత నగలను గూర్చినది. సంఘ పత్రికలో నగల ప్రస్తావన ఎందుకని కొందరు అడుగవచ్చును. మన సంఘములలో నగలు ధరించువారు కలరు. బాప్తిస్మము పొందిన నాడే వాటిని తీసివేసినవారును కలరు. ఆ సంగతిలో తీర్పు తీర్చుట ఈ పాఠము యొక్క ఉద్దేశము కాదు. అపొస్తలుడైన పేతురు తన మొదటి పత్రిక 3వ అధ్యాయములో, సాధువైన మృదువైన మనస్సే దేవుని దృష్టికి మిగుల విలువైన అలంకారమని బోధించెను. ఆ బోధ ఇరువురికిని చెందును. అయినను నగ ధరింపని యింటిలో సైతము పెట్టె అడుగున తాతముత్తాతల నాటి వస్తువు ఏదో ఒకటి గుడ్డలో కట్టబడి యుండును. ఒక అవ్వ కడియము కావచ్చును, తెగిపోయిన నానుతాడు ముక్క కావచ్చును, నల్లబడిన వెండి గిన్నె కావచ్చును. దానిని ఏమి చేయవలెను? అమ్మవలెనా, కరిగింపవలెనా, బాగుచేసి ఉంచుకొనవలెనా? ఇతరుల యింటి పాత నగ మన చేతికి వచ్చినప్పుడు మనమేమి చేయవలెను? ఇవి చిన్న ప్రశ్నలుగా కనబడును గాని, మన విశ్వాసము మన చేతులలోనికి దిగినదో లేదో ఇట్టి సంగతులయందే తెలియును.

పాఠము చదువుటకు ముందు సంఖ్యాకాండము 6:22-27, లూకా 15:8-10, సామెతలు 20:14, మలాకీ 3:1-4 అను భాగములను ఇంటివారందరు కూడి చదువుకొనుడి.

1. దీపము, చీపురు, ఓపిక

లూకా సువార్త 15వ అధ్యాయములో ప్రభువు చెప్పిన మూడు ఉపమానములలో నడిమిది ఒక స్త్రీని గూర్చినది. ఆమెకు పది వెండి నాణెములుండెను. వాటిలో ఒకటి పోయెను. ఆ నాణెము పేరు గ్రీకు భాషలో డ్రాక్మా. అది ఆ కాలములో ఒక కూలివాని దినకూలికి ఇంచుమించు సమానము. ధనికులకు అది లెక్కలోనిది కాదు. కాని దినకూలి విలువ ఎంతయో కూలి చేయువారికి తెలియును.

ఆ దేశములోని పేదల యిండ్లు చీకటిగా నుండెడివి. కిటికీలు చిన్నవి, మట్టి నేలయే, లేదా రాళ్లు పరచిన నేల. నాణెము సందులో పడినయెడల పట్టపగలు కూడ కనబడదు. అందువలన ఆమె మూడు పనులు చేసెను. దీపము వెలిగించెను. ఇల్లు ఊడ్చెను. దొరకు వరకు వెదకెను. మూడవదియే కష్టమైనది. దీపము వెలిగించువారు, ఒకసారి ఊడ్చువారు అనేకులు కలరు. దొరకు వరకు వెదకువారు కొద్దిమందియే.

తప్పిపోయిన గొఱ్ఱె అరవగలదు. తప్పిపోయిన కుమారుడు లేచి తండ్రి యొద్దకు నడిచి రాగలడు. నాణెము అరవలేదు, నడువలేదు. తాను పోయితినని కూడ ఎరుగదు. అయినను దుమ్ములో పడినంత మాత్రమున దాని వెండి మట్టి కాలేదు. దాని విలువ తగ్గలేదు. వెదకువారి అవసరము మాత్రమే దానికి కలిగెను. ఈ మాట జ్ఞాపకముంచుకొని రెండవ భాగమునకు పోవుదము.

2. హిన్నోము లోయలోని గుహ

యెరూషలేమునకు దక్షిణముగా హిన్నోము లోయ కలదు. యెహోషువ గ్రంథము 15వ అధ్యాయములో యూదా గోత్రపు సరిహద్దు ఆ లోయ మీదుగా పోవునని వ్రాయబడియున్నది. తరువాతి కాలములో ఆ లోయ చెడ్డపేరు పొందెను. ఆహాజు, మనష్షే అను రాజులు తమ కుమారులను అక్కడ అగ్నిలో దహింపజేసిరి. యోషీయా రాజు ఆ బలిస్థలమును అపవిత్రపరచి ఆ దురాచారమును మాన్పించెను. యిర్మీయా ప్రవక్త అక్కడ నిలిచి ప్రజల మీదికి రాబోవు నాశనమును ప్రకటించెను. క్రొత్త నిబంధనలో నరకమునకు వాడబడిన గెహెన్నా అను మాట ఈ లోయ పేరునుండియే వచ్చినది.

ఆ లోయ గట్టుమీద స్కాట్లాండు దేశపు సంఘమువారు కట్టిన ఆలయమొకటి యున్నది. 1979వ సంవత్సరమున ఆ ఆలయము ప్రక్కన రాతిలో తొలచిన పాత సమాధి గుహలను గబ్రియేలు బర్కాయి అను పురావస్తు శాస్త్రజ్ఞుడు త్రవ్వించుచుండెను. ఆ గుహలు చాలవరకు పూర్వమే దోచుకొనబడినవి. పైకప్పులను రాళ్లకొరకు పగులగొట్టుకొని పోయిరి. అందులో విలువైనదేదియు మిగిలియుండునని ఎవరును తలంపలేదు.

బర్కాయికి సహాయము చేయువారిలో 12, 13 సంవత్సరముల బడిపిల్లలుండిరి. వారిలో ఒక బాలుడు మిక్కిలి అల్లరివాడట. వానిని కొంతసేపు దూరముగా నుంచవలెనని, ఒక గుహలోపలి గుంటను శుభ్రము చేయుమని పంపితినని బర్కాయి తరువాత చెప్పెను. ఆ బాలుడు పనిలో విసుగుపుట్టి చేతిలోని సుత్తితో నేలను కొట్టెను. నేల పగిలెను. చూడగా అది నేల కాదు. పూర్వమెప్పుడో ఊడిపడిన పైకప్పు రాయి. దొంగలందరు దానినే నేల అనుకొని వెళ్లిపోయిరి. దాని క్రింద మట్టి పాత్రలు, బాణపు ములుకులు, పూసలు, వెండి బంగారు నగలు వందలకొలదిగా ఎముకలతో కలిసి యుండెను. ఆ కాలపు యూదులు శవమును మొదట రాతి అరుగుమీద పరుండబెట్టి, మాంసము క్షయమైన తరువాత ఎముకలను, వాటితోకూడ నుంచిన వస్తువులను ఒక గుంటలో చేర్చెడివారు. ఆ గుంటయే ఇది.

ఆ రాశిలో రెండు చిన్న వెండి చుట్టలు దొరకెను. చుట్టిన తాటియాకు కమ్మ వలె, పలుచని వెండి రేకును బిగువుగా చుట్టి చేసినవి. పెద్దది వ్రేలి కణుపు పొడవు. చిన్నది అందులో సగము కూడ లేదు. నడుమ దారము దూర్చుటకు సందుండెను. వాటిని మెడలో వ్రేలాడగట్టుకొని యుందురని పండితుల అభిప్రాయము. బూడిద రంగు ఎక్కి, పనికిమాలిన తుక్కువలె అవి కనబడుచుండెను. అట్టి వస్తువు మన పెరటిలో దొరకినయెడల చీపురుతో ఊడ్చి పారవేసియుందుము.

3. మూడు సంవత్సరముల పని

రేకులోపల వ్రాత ఉండవచ్చునని అనుమానము కలిగినది. కాని విప్పుట ఎట్లు? 2,500 సంవత్సరములకు పైగా మంటిలోనుండి ఆ వెండి పెళుసై, చిట్లిపోయి యుండెను. బలముగా లాగినయెడల పొడియగును. తొందరపడువాని చేతిలో అది ఒక్క గడియలో నాశనమై యుండెడిది.

యెరూషలేములోని ఇశ్రాయేలు మ్యూజియమువారు ఆ పనిని చేపట్టిరి. మొదట పైన పట్టిన మురికిని, త్రుప్పును మందులతో మెల్లగా వదలించిరి. వెలుపలి భాగమునకు సన్నని రక్షణపూత పూసిరి. పూత ఆధారముగా కొంచెము కొంచెముగా విప్పిరి. ఈ పనికి మూడు సంవత్సరములు పట్టెను. విప్పిన తరువాత పెద్ద రేకు పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. చిన్నది సుమారు 4 సెంటీమీటర్లు. వాటి మీద సన్నని మొనతో గీసిన ప్రాచీన హెబ్రీ అక్షరములు కనబడెను. వెండ్రుక గీతలవంటి ఆ అక్షరములలో మొదట చదువబడిన మాటలలో ఒకటి దేవుని నామము.

తక్కిన అక్షరములను కూర్చి చదువగా, సంఖ్యాకాండము 6వ అధ్యాయములో అహరోనుకును అతని కుమారులకును దేవుడు నేర్పిన దీవెన మాటలు బయలుపడెను. ఆదివారము ఆరాధన ముగింపులో మన పాదిరిగారు చేతులెత్తి పలుకు దీవెనయే అది. దేవుడు మనలను ఆశీర్వదించి కాపాడవలెననియు, తన ముఖకాంతిని మన మీద ప్రకాశింపజేయవలెననియు, సమాధానమిచ్చుననియు చెప్పు దీవెన అది.

ఆ రేకులు క్రీస్తునకు పూర్వము ఏడవ శతాబ్దాంతమునకో ఆరవ శతాబ్దారంభమునకో చెందినవని పెక్కుమంది పండితుల నిర్ణయము. అనగా యిర్మీయా ప్రవక్త జీవించిన కాలము. 1947వ సంవత్సరము మొదలుకొని మృతసముద్రపు గుహలలో దొరకిన వ్రాతప్రతులలో మిక్కిలి పాతవానికంటె కూడ ఇవి కొన్ని వందల సంవత్సరములు పాతవి. బైబిలులో కనబడు మాటలు గల వ్రాతలలో ఇంతకంటె పాతది ఇంతవరకు మరియొకటి దొరకలేదు. అదియు రాజు సింహాసనము క్రింద దొరకలేదు. పిల్లలను కాల్చిన లోయలో, దోచుకొనబడిన సమాధిలో, విరిగిన రాతి క్రింద దొరకినది. యెరూషలేము కాలిపోయెను, దేవాలయము పడిపోయెను, ఆ రేకును మెడలో కట్టుకొన్నవారు మన్నైపోయిరి. దీవెన నిలిచినది.

ఒక హెచ్చరిక అవసరము. రేకును కట్టుకొన్నంత మాత్రమున కీడు తొలగదు. మన పల్లెలలో తాయెత్తును నమ్మినట్లు దేవుని వాక్యమును నమ్మరాదు. వాక్యము మెడలో వ్రేలాడుటకు కాదు, హృదయములో నివసించుటకు ఇయ్యబడినది.

4. పాత నగను బాగుచేయు విధము

ఇప్పుడు మన పెట్టెలోని నగను గూర్చి కొన్ని మాటలు చెప్పుదును. తెలియక చేసిన శుభ్రత వలన పాడైన వస్తువులు దొంగలు ఎత్తుకొనిపోయిన వాటికంటె తక్కువ కావు.

వెండి నల్లబడుట త్రుప్పు కాదు. గాలిలోని గంధకపు అంశము వెండితో కలిసి పైన నల్లని పొరగా ఏర్పడును. దానిని ఇసుకతో గాని, ఇటుక పొడితో గాని బలముగా తోమినయెడల నలుపుతోకూడ వెండియు అరిగిపోవును; పైనున్న సన్నని చెక్కడపు పని చెడిపోవును. కుంకుడుకాయ రసము కలిపిన గోరువెచ్చని నీళ్లు, మెత్తని గుడ్డ చాలును. కడిగిన తరువాత తడి లేకుండ తుడువవలెను. ముత్యములు, పగడములు పొదిగిన నగను చింతపండు, నిమ్మరసము వంటి పులుపు తగులనీయరాదు. పులుపు వాటిని తినివేయును. బోలు నగల లోపల లక్క నింపబడియుండును. వాటిని వేడినీళ్లలో వేసినను, అగ్గి మీద చూపినను లక్క కరగి నగ సొట్టపడును.

కంసాలి యొద్దకు తీసికొని పోయినప్పుడు, "కరిగించి క్రొత్తది చేయుము" అని వెంటనే చెప్పవద్దు. కరిగించినప్పుడు తరుగు పోవును. అతుకులలోని టంకము కూడ కలియుటచేత బంగారపు వన్నె తగ్గును. ఆ పనివాని చేతిపని మరల రాదు. కొక్కెము విరిగినయెడల కొక్కెమే మార్పించుకొనవచ్చును. గొలుసు తెగినయెడల అతికించుకొనవచ్చును.

పాత బంగారము కొనునప్పుడు గాని అమ్మునప్పుడు గాని గీటురాయి మీద గీచి చూచుట మనవారికి తెలిసినదే. నగను నల్లరాతి మీద గీచి, వన్నె తెలిసిన బంగారపు గీతతో పోల్చి చూతురు. ఇప్పుడు హాల్‌మార్కు కేంద్రములలో యంత్రముతో పరీక్షించి చెప్పు వసతి కూడ కలదు. 916 అను గుర్తు ఉన్నయెడల వెయ్యి పాళ్లలో 916 పాళ్లు మేలిమి బంగారమని అర్థము. అదియే 22 క్యారెట్లు. 2023వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీనుండి దుకాణములలో అమ్మబడు హాల్‌మార్కు నగల మీద ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఉండవలెనని నియమము కలదు. రసీదు లేకుండ, గుర్తు లేకుండ, సగము ధరకు ఇత్తుమని సంతలో చెప్పువారి మాట నమ్మవద్దు. అది ఇత్తడియైనను కావచ్చును, దొంగసొత్తైనను కావచ్చును.

5. అగ్గి యొద్ద కూర్చుండువాడు

కొన్నిసార్లు మాత్రము కరిగింపక తప్పదు. కల్తీ లోహము వెండిలో కలిసియున్నయెడల తుడుచుట వలన ప్రయోజనము లేదు. పూర్వకాలపు పనివారు కల్తీ వెండిని సీసముతో కలిపి గాలి తిత్తులతో మండించెడివారు. ఆ వేడికి సీసము మారిపోయి, తనతోకూడ కల్తీ లోహములను లాగుకొనిపోవును. వెండి మాత్రము మిగులును. కడవరి మలినము పోయిన క్షణమున వెండి ముఖము ఒక్కసారి తళుక్కున మెరయును. పనివాడు దానికొరకే కనిపెట్టుకొని యుండును. యిర్మీయా 6వ అధ్యాయములో సీసమును, తిత్తిని గూర్చి చెప్పబడినది ఈ పనినే.

మలాకీ ప్రవక్త దేవుని ఇట్టి పనివానితో పోల్చెను. ఆయన నిలువబడియున్నాడని ప్రవక్త చెప్పలేదు, కూర్చుండునని చెప్పెను. వెండిని అగ్గిలో పడవేసి వేరొక పనికి పోవువాడు కాడు. ఎక్కువ వేడి వలన వెండి వృథా కారాదు, తక్కువ వేడి వలన మలినము మిగులరాదు. కష్టకాలములో దేవుడు మనలను మరచెనని తలంచువారు ఈ ఒక్క మాటను జ్ఞాపకము చేసికొనవలెను.

6. కొనువాని మాట

సామెతలు 20:14లో సొలొమోను బజారును కన్నులారా చూచినవానివలె మాటలాడుచున్నాడు. కొనువాడు సరకు బాగులేదు బాగులేదని పలికి, తీసికొని వెళ్లిన తరువాత తన తెలివిని గూర్చి అతిశయపడునట. ఈ వచనము మా యింటిలో ఒకసారి పని చేసెను గనుక దానిని చెప్పుచున్నాను.

నా చిన్నతనములో ఒక సంవత్సరము వానలు పడలేదు. మా వీధిలోని ఒక విధవరాలు తన వెండి కడియములు రెండు కొంగులో కట్టుకొని మా తల్లి యొద్దకు వచ్చెను. మా తల్లి వాటిని చేతిలోకి తీసికొని, "అరిగిపోయినవక్కా, సొట్టలు కూడ పడినవి. వీటికేమి వచ్చును?" అనెను. ఆమె మారు పలుకక ఇచ్చిన సొమ్ము తీసికొని పోయెను. ఆ రాత్రి మా తల్లి, సగము ధరకే వచ్చినవని మా తండ్రితో సంతోషముగా చెప్పెను. వారములోపల ఒక కడియము కంసాలి మూసలో కరగి, మా చెల్లెలికి పట్టీలయ్యెను.

మా యింట కుటుంబ ప్రార్థనలో వరుసగా ఒక్కొక్క అధ్యాయము చదువుట వాడుక. కొన్ని దినములకు సామెతలు 20వ అధ్యాయము వచ్చెను. ఆ సాయంకాలము చదువు వంతు నాది. పదునాలుగవ వచనము చదివితిని. నాకేమియు తెలియలేదు, చదువుకొనుచు పోయితిని. ప్రార్థన ముగిసిన తరువాత మా తల్లి అన్నము వడ్డించెను గాని తాను తినలేదు.

తెల్లవారగానే నన్ను వెంటబెట్టుకొని ఆమె ఆ విధవరాలి యింటికి పోయెను. మిగిలిన కడియమును, రెండవదాని పూర్తి ధరను ఆమె చేతిలో పెట్టెను. "అక్కా, నిన్ను మోసము చేసితిని. కరువులో నీవు బేరమాడలేవని తెలిసియే తక్కువ చెప్పితిని. ఒకటి కరిగించితిని, దానిని తేలేను" అని ఏడ్చెను. ముందిచ్చిన సొమ్మును తిరిగి అడుగలేదు. ఆ ముసలామె కడియమును అటు ఇటు త్రిప్పి చూచి, "నా పెండ్లినాటివమ్మా. ఒకటైనా వచ్చినది గదా" అని మాత్రమనెను.

ఆమె ఆ ఒక్క కడియమునే చనిపోవు వరకు ధరించెను. దానిని చూచినప్పుడెల్ల మా తల్లి తల వంచుకొనెడిది. క్షమాపణ దొరకినది, కాని కరిగించినది మరల కడియము కాలేదు. ఈ రెండును నిజములే. పాపము క్షమింపబడును గనుక తేలికయైనదని తలంచువారికి ఆ ఒంటి కడియమును చూపవలెనని నాకు తోచును.

దేవుని ధర్మశాస్త్రము ఇట్టి సంగతులను విడిచిపెట్టలేదు. నిర్గమకాండము 22వ అధ్యాయములో, బీదవాని వస్త్రమును తాకట్టుగా తీసికొన్నయెడల ప్రొద్దు క్రుంకకమునుపు తిరిగి ఇయ్యవలెనని ఆజ్ఞ కలదు. అతడు కప్పుకొనుటకు అదియే గదా. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో తిరుగలిని తాకట్టు పట్టరాదని కలదు. పాత వస్తువు కొనుట పాపము కాదు. ఆకలితో అమ్మువాని బలహీనతను కొనుట పాపము.

7. పొలములో దొరకిన నిధి

దున్నునప్పుడు, పునాది త్రవ్వునప్పుడు పాత నాణెములో, నగలో దొరకుట మన ప్రాంతములలో అప్పుడప్పుడు జరుగును. అట్టి సమయమున ఇంటివారు గుట్టుగా పంచుకొని కరిగించుటయు, పిమ్మట తగవులాడి ఠాణాకెక్కుటయు జరుగుచున్నది. చట్టమేమి చెప్పునో తెలిసికొందము.

1878వ సంవత్సరపు నిధుల చట్టము ప్రకారము, భూమిలో దాగియున్న నిధి విలువ పది రూపాయలకు మించినయెడల, దొరకినవాడు కలెక్టరుకు వ్రాతమూలముగా తెలియజేయవలెను. దానికి హక్కుదారులెవరును లేరని తేలినయెడల దొరకినవానికి భాగము కలదు. భూమి వేరొకనిదై, వారిద్దరికి వేరే ఒప్పందము లేనియెడల, దొరకినవానికి నాలుగింట మూడు పాళ్లు, భూస్వామికి ఒక పాలు. ప్రభుత్వము ఆ నిధిని తీసికొనదలచినయెడల లోహపు విలువయు, దానిపై అయిదవ వంతును చెల్లింపవలెను. దాచినవాడు తన భాగమును పోగొట్టుకొనుటయే గాక శిక్షకును పాత్రుడగును. 1972వ సంవత్సరపు పురావస్తువుల చట్టము ప్రకారము, 100 సంవత్సరములు దాటిన కళావస్తువులను, నాణెములను వ్యాపారులు స్వంతముగా విదేశములకు పంపరాదు.

చట్టము మాట అటుండగా మరియొక నష్టము కలదు. వస్తువును పెరికి కరిగించినప్పుడు బంగారము మిగులును గాని చరిత్ర నశించును. హిన్నోము లోయలోని చుట్టలు ఒక దొంగకు దొరకియుండినయెడల చిటికెడు వెండి ధర వచ్చియుండును. దీవెన మాత్రము కరగిపోయెడిది.

గుప్తనిధులు చూపెదమని వచ్చువారి విషయమై కూడ జాగ్రత్తగా నుండుడి. అంజనము వేసి, పూజలు చేసి, పాత కోటల యొద్దను గుడుల యొద్దను రాత్రులు త్రవ్వించువారు కడకు నమ్మినవాని యింటినే త్రవ్విపోవుదురు. మత్తయి 13:44లో ప్రభువు చెప్పిన నిధి ఉపమానమును ఇట్టివారు వాడుకొనరాదు. పరలోకరాజ్యము కొరకు సమస్తమును విడిచిపెట్టుట తగునని ఆ ఉపమానము బోధించుచున్నది. ఆ మనుష్యుడు దొంగిలింపలేదు. తనకున్నదంతయు అమ్మి పొలము కొనెను.

8. మనలను బాగుచేయువాడు

వెండి చుట్టల సంగతిలో ఒక మాట మిగిలినది. 2004వ సంవత్సరమున పండితులు క్రొత్త ఛాయాచిత్రముల సహాయముతో ఆ అక్షరములను మరల పరీక్షించి ప్రకటించిరి. అంతకుముందు కనబడని గీతలు కొన్ని అప్పుడు కనబడెను. వారు చదివిన రీతిని, పెద్ద రేకులో దీవెనకు ముందు విమోచనము దేవునియందే యున్నదను భావమును, ఆయన తన ప్రజలను మరల యథాస్థితికి తెచ్చువాడను భావమును కలవు. యెరూషలేము కూలిపోవు దినములలో ఎవరో తెలియని ఒక విశ్వాసి ఆ నమ్మికను వెండిమీద గీయించుకొనెను. ఆ రేకు తానే విరిగి, నల్లబడి, మరచిపోబడి, ఓపికగల చేతులలో మరల విప్పబడి, తనమీద వ్రాసిన మాటకు తానే సాక్షియైనది.

పేతురు మొదటి పత్రిక మొదటి అధ్యాయములో, వెండి బంగారములవంటి క్షయవస్తువులచేత గాక క్రీస్తు యొక్క అమూల్య రక్తముచేత మనము విమోచింపబడితిమని చెప్పబడినది. కంసాలి చేయలేని పని ఆయన చేయును. మా తల్లి కరిగించిన కడియమును ఏ కంసాలియు తిరిగి ఇయ్యలేకపోయెను. కాని ఆ ఉదయమున ఆ గుమ్మములో ఇద్దరు స్త్రీల నడుమ తెగినది మరల అతుకబడెను. దానిని అతికినవాడు ప్రభువే అని నేను నమ్ముచున్నాను.

ఈ నెలలో మీ పెట్టె తెరచి చూడుడి. నల్లబడిన దానిని మెత్తని గుడ్డతో తుడువుడి. తుడుచుచున్నప్పుడు, ఇందులో ఇతరుల కన్నీరు ఏమైన నున్నదా అని ఆలోచించుడి. ఉన్నయెడల రేపటివరకు ఆగవద్దు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. పోయిన నాణెమునకును, గొఱ్ఱెకును, కుమారునికిని గల భేదమేమి? మన సంఘములో నాణెమువలె పోయినవారెవరు? వారిని వెదకుటకు దీపము ఎవరి చేతిలో నున్నది?

2. హిన్నోము లోయలో దీవెన దొరకుట మనకేమి నేర్పుచున్నది?

3. కరువుకాలములో పొరుగువాని వస్తువు కొనవలసి వచ్చినయెడల న్యాయమైన ధర ఎట్లు నిర్ణయింపవలెను? కొనుటకు బదులు చేయదగిన సహాయమేదైన కలదా?

4. క్షమింపబడినను తిరిగి రానివి మన జీవితములో ఏవి? వాటిని దేవుని చేతికి ఎట్లు అప్పగింపవలెను?

ప్రార్థన

మమ్మును వెదకుచున్న తండ్రీ, దుమ్ములో పడిన మమ్మును విడిచిపెట్టక దొరకు వరకు వెదకితివి గనుక నీకు స్తోత్రములు. మా చేతులతో కొలుచునప్పుడు, కొనునప్పుడు, అమ్మునప్పుడు నీ భయమును మాకు దయచేయుము. మేము పొరుగువారికి చేసిన అన్యాయమును చక్కపరచుటకు ధైర్యమిమ్ము. మేము చక్కపరచలేనిదానిని నీవే బాగుచేయుము. అగ్గిలో నున్నవారి యొద్ద కూర్చుండుము. నీ ముఖకాంతి మా యిండ్లమీద నిలుచునట్లు చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.